కళాశాలయు క్రీడాంగణమును: యుద్ధానంతర అమెరికా, మదనపల్లె సీమ

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన 1945 మొదలుకొని సుమారు పాతికయేండ్లపాటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రజాజీవనము, ఉన్నతవిద్య, కళాశాలా క్రీడలు అను మూడును ఒకదానినొకటి పెనవేసికొని పెరిగిన విధమును, ఆ కాలముననే ఆ దేశపు మనుష్యులును ధనమును ఆటలును ఆలోచనలును నాటి చిత్తూరు మండలపు పడమటి పీఠభూమిమీది మదనపల్లె, పుంగనూరు, కుప్పము, రామకుప్పము ప్రాంతములకు చేరిన త్రోవలును ఈ వ్యాసమునకు విషయము. ఈ రెండింటికిని సంబంధమేమని చదువరికి మొదట తోచవచ్చును గాని, త్రోవలు నిజముగనే యున్నవి. వాని వెంబడి వచ్చినవానిలో ఏది ఇచ్చట వేళ్లూనినది, ఏది ఊనలేదు అనునదే విచారింపదగిన అంశము.

సీమయు పూర్వపు త్రోవలును

సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన ఎత్తునగల ఈ సీమ మూడు భాషల కూడలి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపనుండియు, పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటునుండియు వచ్చి ఇందు కలిసినవి. కుప్పము కంగుంది జమీందారీలోనిది. రామకుప్పమునకు ఒక దిక్కున కోలారు బంగారు గనులును, మఱియొక దిక్కున తమిళదేశమును చేరువ గనుక, ఇంట తెలుగు, సంతలో తమిళము, కూలికి పోయినచోట కన్నడము మాటలాడుట ఇచ్చటివారికి విద్య కాదు, బ్రదుకుతెరువు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు అంతరించినవి. ఈ వ్యాసమున చెప్పబోవు మార్పులన్నియు ఆ జమీందారీ నీడ తొలగుచున్న కాలమున జరిగినవే.

అమెరికా త్రోవలు యుద్ధమునకు పూర్వమే రెండు పడియుండెను. మొదటిది మతబోధకులది. ఆ దేశపు రిఫార్మ్డ్ చర్చికి చెందిన స్కడ్డరు సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషను పందొమ్మిదవ శతాబ్దిలోనే మదనపల్లెకు వచ్చినది. వైద్యుడును బోధకుడును అయిన జేకబ్ చేంబర్లెను తన జీవితమున పెక్కు సంవత్సరములు ఈ ఊరనే గడపి, 1908లో ఇచ్చటనే మరణించెను. 1911 నాటి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఆ మిషను వారిదే. రెండవ త్రోవ దివ్యజ్ఞాన సమాజముది. 1875లో న్యూయార్కునందు పుట్టిన ఆ సమాజమునకు తొలి అధ్యక్షుడగు కర్నలు ఆల్కాటు అమెరికా దేశీయుడు. ఆయన తరువాత అధ్యక్షురాలైన అనీబెసెంటు 1915లో మదనపల్లెయందు నెలకొల్పిన కళాశాల, స్వరాజ్యోద్యమ దినములలో కొన్నాళ్లు మద్రాసు విశ్వవిద్యాలయమును వీడి జాతీయ విశ్వవిద్యాలయముతో చేరి, పిదప మరలివచ్చి, నేడు బెసెంట్ దివ్యజ్ఞాన కళాశాల యనబడుచున్నది. రవీంద్రనాథ ఠాకూరు 1919 ఫిబ్రవరిలో ఇచ్చట విడిసి, జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి తానే అనువదించిన సంగతి లోకవిదితము. ఒక విశ్వవిద్యాలయమునకును తన చుట్టునున్న జనమునకును నడుమ సంబంధ మెట్టిదై యుండవలెనను వివాదము, అమెరికాలో యుద్ధానంతరమున తలయెత్తుటకు చాల ముందే, ఈ చిన్న పట్టణమున అనుభవములోనికి వచ్చెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

అమెరికాలో జరిగినది

అధ్యక్షుడు రూజ్వెల్టు 1944 జూన్ 22న సంతకము చేసిన సైనిక పునరావాస చట్టము, జనవాక్కులో జీ.ఐ. బిల్లు, యుద్ధమునుండి తిరిగివచ్చు సైనికునకు కళాశాలా రుసుమును, పుస్తకముల వెలను, బ్రతుకుటకు భత్యమును ప్రభుత్వమే ఇచ్చునట్లు విధించినది. సైనికులు చదువునకు వచ్చెదరా యని పెద్దపెద్ద విశ్వవిద్యాలయాధిపతులే శంకించిరి గాని, 1947 నాటికి కళాశాలలలోని విద్యార్థులలో ఇంచుమించు సగము మంది మాజీ సైనికులే యైరి. 1956లో పథకము ముగియునప్పటికి 22 లక్షల మంది దానివలన కళాశాల మెట్లెక్కిరి. పెండ్లియై బిడ్డలుగల విద్యార్థులకొఱకు విద్యాలయప్రాంగణములలో సైన్యపు రేకుల గుడిసెలు లేచినవి. శ్రీమంతుల పిల్లలకు అలంకారముగా నుండిన కళాశాల, బడుగింటి కుఱ్ఱనికి హక్కుగా మాఱినది ఈ యొక్క చట్టము వలననే యనుట తప్పు కాదు. మన సీమనుండియు ఆ యుద్ధమునకు పోయి వచ్చినవారు పెక్కురు. వారికి చదువు చెప్పింతుమను చట్టము మాత్రము మన దేశమున రాలేదు.

1946లో అధ్యక్షుడు ట్రూమను నియమించిన ఉన్నతవిద్యా సంఘము, ఊరూర రెండేండ్ల ప్రజా కళాశాలలు కావలెననియు, వర్ణభేదము విద్యాలయములనుండి తొలగవలెననియు కోరినది. నల్లజాతి వారికి వేఱుబడులు చెల్లవని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది 1954 మే 17న. అయినను 1962లో జేమ్స్ మెరెడిత్ అను నల్లజాతి విద్యార్థి మిసిసిపీ విశ్వవిద్యాలయమున చేరుటకు కేంద్రప్రభుత్వము సైన్యమునే దింపవలసివచ్చెను. ఇచ్చట ఒక పోలిక చెప్పదగియున్నది. 1951 నాటికి మదనపల్లె మద్రాసు రాష్ట్రములోనిదే. ఆ రాష్ట్రమున కళాశాలా ప్రవేశములను కులముల వారీగా పంచుచుండిన కమ్యూనల్ జీ.ఓ. చెల్లదని చంపకం దొరైరాజన్ వ్యాజ్యెమున 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, వెనుకబడిన వర్గములకు ప్రత్యేక సదుపాయములు కల్పించుటకు వీలుగా అదే యేడు రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చెను. అచ్చట న్యాయస్థానము కళాశాల తలుపు తెఱపించినది. ఇచ్చట న్యాయస్థానము మూసిన తలుపును పార్లమెంటు తెఱచినది.

ఇక క్రీడలు. అమెరికావారి ఫుట్‌బాలు, పేరునకు పాదకందుకమే యైనను, అండాకారపు బంతిని చేతబట్టుకొని పరుగెత్తుచు, ఒండొరులను పడద్రోయు ఆట. శనివారము మధ్యాహ్నమున కళాశాల తరపున ఆడు పదునొకండుగురిని చూచుటకు ఏబదివేలు, డెబ్బదివేలు జనము టిక్కెట్లు కొని కూర్చుండుట యుద్ధమునకు ముందునుండియు నున్నదే. కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ క్రీడాంగణమునకు నూతన సంవత్సరపు దినమున వచ్చు జనసంఖ్య లక్షను తాకుచుండెను. విద్యకును దీనికిని సంబంధమేమని అడిగినవారు లేకపోలేదు. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు రాబర్ట్ హచిన్సు 1939లో ఈ ఆటనే తమ విద్యాలయమునుండి తొలగించెను. ఆ పాడుపడిన క్రీడాంగణపు మెట్ల క్రిందనే 1942 డిసెంబరు 2న శాస్త్రజ్ఞులు మొదటి పరమాణు శృంఖలాచర్యను సాధించిరి. హచిన్సు మార్గమును అనుసరించిన పెద్ద విద్యాలయములు మాత్రము కొద్ది.

ధనము ఎచ్చట చేరునో అచ్చట దాని వెనువెంట దోషమును చేరుట సహజము. ఆటగానికి చాటుగా సొమ్మిచ్చుటను అరికట్టవలెనని జాతీయ కళాశాలా క్రీడాసంఘము 1948లో చేసిన నియమావళి మూడేండ్లు నిలువలేదు. 1950లో ఆ దేశపు రెండు గొప్ప బాస్కెట్‌బాలు పోటీలను ఒకే యేడు గెలిచి కీర్తికెక్కిన న్యూయార్కు నగర కళాశాల ఆటగాండ్రు, జూదరుల సొమ్ము తిని కావలెనని పాయింట్లు తగ్గించిరని మఱుసటి యేడే తేలెను. అదే 1951లో వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమునుండి పరీక్షలలో మోసమునకుగాను వెడలగొట్టబడిన తొంబదిమందిలో ఫుట్‌బాలు ఆటగాండ్రు అనేకులు. దూరదర్శనము వచ్చి క్రీడాంగణమును ఇండ్లలోనికి తెచ్చుటతో ఎన్ని ఆటలు చూపవలెనో సంఘమే నిర్ణయింపసాగెను. తుదకు 1956లో, ఆటగాని పేదఱికముతో పనిలేకుండ ఆటకే విద్యార్థివేతనము ఇచ్చుటను సంఘము బహిరంగముగా అంగీకరించినది. చాటున జరుగుదానిని బయట జరుగనిచ్చుట యొకవిధమైన నిజాయితీయే. అది విద్యయందు శ్రద్ధ మాత్రము కాదు.

రాధాకృష్ణ సంఘము

ఈ రెండు లోకములును ముఖాముఖిగా కలిసినది 1948 – 49 నాటి విశ్వవిద్యాలయ విద్యాసంఘమునందు. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు తెలుగు కుటుంబమున తిరుత్తణిలో పుట్టినవాడు. ఆ తిరుత్తణి 1960 వఱకును చిత్తూరు జిల్లాలోనిదే. ఆయన కొంతకాలము చదివిన వేలూరి ఊరీసు కళాశాల, మదనపల్లెలో ఆసుపత్రి కట్టిన అమెరికా ఆర్కాటు మిషను వారిదే. మఱియొక సభ్యుడగు డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలున జన్మించి, మదనపల్లె కళాశాలకు అప్పటి మాతృసంస్థయైన మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై యుండెను.

ఆ సంఘమున అమెరికా దేశీయు లిద్దరు. ఒకడు ఆర్థర్ మోర్గను: ఆంటియాక్ కళాశాలకు అధ్యక్షుడుగాను, టెన్నెసీ లోయ ప్రాధికార సంస్థకు మొదటి అధ్యక్షుడుగాను పనిచేసిన ఇంజనీరు. పల్లెటూళ్లకొఱకు ప్రత్యేకముగా గ్రామీణ విశ్వవిద్యాలయములు ఉండవలెనను అధ్యాయము ఆయన ఆలోచనకు ఫలము. రెండవవాడు జాన్ టైగర్టు. ఈయన చరిత్ర మన వ్యాసమునకు అచ్చముగా అతికినట్లుండును. వాండర్బిల్టు విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు వీరుడు. టెన్నెసీ రాష్ట్రమునుండి ఆక్స్‌ఫర్డునకు పోయిన తొలి రోడ్సు విద్యార్థి. కెంటకీలో ఫుట్‌బాలు శిక్షకుడు. 1921 నుండి 1928 వఱకు ఆ దేశపు విద్యా కమిషనరు. పిమ్మట 1947 వఱకు ఫ్లోరిడా విశ్వవిద్యాలయాధ్యక్షుడు. ఆటగాండ్రకు విద్యార్థివేతనములను దాపరికము లేక ఇయ్యవలెనని మొదటినుండి వాదించినవారిలో ఆయన యొకడు. ఆయన పాల్గొన్న ఆగ్నేయ రాష్ట్రముల క్రీడాకూటమి 1935లోనే అందుకు సమ్మతించినది. అట్టివాడు మన కళాశాలలను చూడవచ్చి, క్రీడాంగణపు మెట్లను కట్టుడని చెప్పలేదు. శరీరబలము లేనివారును ఎన్.సీ.సీ.లో నున్నవారును తప్ప తక్కిన విద్యార్థులందఱకును, స్త్రీలకును పురుషులకును, రెండేండ్ల వ్యాయామవిద్య నిర్బంధముగా నుండవలెనని 1949 నాటి సంఘనివేదిక చెప్పినది. వ్యాయామము పాఠము, అది ప్రదర్శన కాదు. టైగర్టు 1965లో మరణించెను. తన దేశపు కళాశాలా ఫుట్‌బాలు కీర్తిమందిరమున ఆయన పేరు 1970లో చేరెను, అదియును ఆటగానిగనే.

గోధుమలు, టీకాలు, గ్రంథములు

ప్రజాజీవనమునందు అమెరికా స్పర్శ బ్లాకు ఆఫీసు ద్వారమునుండి వచ్చెను. 1948లో అమెరికా వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయరు ఉత్తరప్రదేశపు ఇటావాలో ఆరంభించిన గ్రామాభివృద్ధి ప్రయోగము, 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకమై, ఫోర్డు ఫౌండేషను సాయముతో దేశమంతట వ్యాపించినది. బ్లాకు, బీ.డీ.ఓ. అను మాటలు పల్లెవారి నోట తెలుగు మాటలైపోయినవి. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడగా, 1959 నవంబరు 1న పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రవేశపెట్టి రాజస్థానము తరువాత రెండవ రాష్ట్రముగా ఆంధ్రప్రదేశము నిలిచెను. 1956లో లోకసభాధ్యక్షుడైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు నాటి చిత్తూరు జిల్లావాడే.

మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915 నాటిది. పెక్కు మిషనులు కలిసి నడపిన ఈ సంస్థకు డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లరు సారథి. 1950 – 55 నడుమ ఆ సంస్థవారు చుట్టుపట్ల పల్లెలలో ఇంటింటికి పోయి చేసిన క్షయపరిశోధన ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికకెక్కి, వైద్యలోకమున మదనపల్లె పేరును నిలిపినది. బీ.సీ.జీ. టీకా మంచిదా కాదా యని 1955లో రాజగోపాలాచారి అంతటివాడు ప్రతిఘటించి వాదించిన కాలమది. విజ్ఞానము ప్రజాజీవనమున వివాదవస్తువగుట అమెరికాకే పరిమితము కాదు.

1954 నాటి పబ్లిక్ లా 480 అను అమెరికా చట్టము, అచ్చటి మిగులు గోధుమలను మన రూపాయలకే అమ్ముటకు వీలు కల్పించినది. తరువాతి దశకమున కేర్ సంస్థ పంపిన గోధుమరవ్వ ఉప్మాయు, పాలపొడి పాలును నాటి మన బడిపిల్లలు ఎఱుగుదురు. సంగటి తినుటకు అలవడిన నాలుకకు అవి మొదట వింతయే. ఆ గోధుమల వెలగా మనదేశముననే పోగుబడిన రూపాయలలో కొంత భాగముతో, 1962 నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము భారతీయ భాషల పుస్తకములను కొని తన దేశపు విశ్వవిద్యాలయములకు పంపసాగినది. తెలుగు పుస్తకములును వానిలో నున్నవి. మఱియొక వంక, 1957 అక్టోబరు 4న రష్యావారు స్పుట్నికును ప్రయోగించుటతో ఉలికిపడిన అమెరికా, 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసి, గణిత భౌతికశాస్త్రములతోపాటు అన్యదేశ భాషల బోధనకును ధనము పోసినది; విస్కాన్సిను విశ్వవిద్యాలయమున తెలుగు బోధనకు పాదు పడినది ఆ కాలపు వాతావరణముననే. రష్యా ఉపగ్రహము తెలుగునకు మేలుచేసెనని నాడెవరైన చెప్పియుండిన నవ్వియుందురు! ద్రావిడ భాషలకొఱకు ప్రత్యేక విశ్వవిద్యాలయము, మూడు భాషలు సహజముగా కలిసిన కుప్పముననే, 1997లో నెలకొన్నది. నేడు ఆ ప్రాంతపు పిల్లలకు విశ్వవిద్యాలయపు చదువు తిరుపతివఱకు పోవలసిన వస్తువు కాదు. 1954 సెప్టెంబరు 2న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపితమగునంతవఱకు అది మద్రాసువఱకు పోవలసిన వస్తువై యుండెను.

ఆటలు

బాస్కెట్‌బాలు 1891లో స్ప్రింగ్‌ఫీల్డునందును, వాలీబాలు 1895లో దాని చేరువనున్న హోలియోకునందును వై.ఎం.సీ.ఏ. వ్యాయామోపాధ్యాయుల చేత పుట్టినవి. ఆ స్ప్రింగ్‌ఫీల్డు కళాశాలలోనే చదివిన హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు 1920లో మద్రాసునందు వై.ఎం.సీ.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించి, 1943లో మరణించువఱకు దానిని నడపెను. దక్షిణదేశపు పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయులను తయారుచేసిన మొదటి సంస్థ అది. అంతవఱకు సిపాయి కవాతునే నేర్పుచుండిన డ్రిల్లు మాస్టరు స్థానమున, ఆటలు తెలిసిన పీ.టీ. మాస్టరు వచ్చినది ఆ కళాశాల ప్రభావముననే. ఆయన పేరు తెలియని ఊళ్లలో గూడ ఆయన ఆటలున్నవి.

ఈ ఆటలలో వాలీబాలు పల్లెకు దిగినంత సులభముగా మఱేదియు దిగలేదు. రెండు గుంజలు, నడుమ ఒక వల, ఒక బంతి. చదునైన కళ్లమో, బడిముందరి బయలో చాలును. గడ్డకట్టిన ఎఱ్ఱనేల మీద సుద్దపొడి గీతలు గీచిన మైదానము సిద్ధము. సాయంకాలము పొలమునుండి వచ్చినవాడు పంచె ఎగగట్టి దిగవచ్చును. ఓడినవారు సోడాలు ఇప్పించుటయే పందెము. తంజావూరున పుట్టి తెలుగునాట బాగుగా పెరిగిన బాల్ బ్యాడ్మింటను, అనాదియైన చెడుగుడు దీనికి జతకాండ్రు. బాస్కెట్‌బాలునకు పలకయు, ఇనుపకడియమును, గట్టినేలయు కావలెను గనుక, అది మిషను పాఠశాలలను, కళాశాలలను ఆశ్రయించుకొని యుండెను.

ధనమెవరిదని అడిగినచో భేదము తేటపడును. అమెరికాలో ప్రేక్షకుడు, పూర్వవిద్యార్థి, దూరదర్శన సంస్థ ఆటకు సొమ్మిత్తురు; ఇచ్చట విద్యార్థి కట్టు గేమ్స్ ఫీజే మూలధనము. ఆ ఫీజుతో బంతులు, వలలు, అంతర్ కళాశాలా పోటీలకు పోవు జట్టుకు బస్సు చార్జీలు సమకూర్చుకొనవలెను. అచ్చట ఆటగానికి విద్యార్థివేతనము ముట్టును. ఇచ్చట ఆటగానికి ముట్టునది సర్టిఫికెట్టు, దానితో క్రీడల కోటాలో ఒక సీటో, రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఒక ఉద్యోగమో. ఇది కూడ ఒక నిజాయితీయైన వ్యవహారమే. దీనిని చిన్నచూపు చూడరాదు.

ఇక ఇచ్చటి కళాశాలల ఆటలకు జనమెందుకు రారు? ఈ ప్రశ్నకు పేదఱికము ఒక్కటే సమాధానమని పెక్కురు చెప్పుదురు గాని నాకు అది సరిగా తోచదు. పేదవారును డబ్బు వెచ్చించి, పనులు మాని, పండ్రెండు క్రోసులు నడచి వచ్చు సందర్భములు ఈ సీమలో లేకపోలేదు. వేసవిలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల యొద్ద పదునెనిమిది దినములు భారతము జరుగును: పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు తపస్సు మ్రాను ఎక్కు నాడు చుట్టుపట్ల ఊళ్లన్నియు అచ్చటనే. వేషధారి పైనుండి విసరు పండ్లకొఱకు బిడ్డలు లేని స్త్రీలు తడిబట్టలతో క్రింద వరము కోరి సాగిలపడుదురు. దుర్యోధనవధ నాడు నేలమీద వెల్లకిల పరుండిన మహాకాయపు మట్టిబొమ్మ చుట్టును భీమదుర్యోధనుల వేషములు తిరుగుచుండ, పిల్లలు తండ్రుల భుజములెక్కి చూతురు. పుంగనూరి సుగుటూరు గంగమ్మ జాతరకును, కుప్పము గంగ జాతరకును వచ్చు జనము సంగతి చెప్పనక్కరలేదు. రెండు పక్షములు, ఒక పోరు, గెలుపు, ఓటమి, కన్నీరు, కేక, ఊరి గౌరవము: అమెరికావాడు శనివారపు క్రీడాంగణమున వెదకుకొన్నది ఇంతయు ఇచ్చటివానికి ముందే సిద్ధముగా నున్నది. కురుక్షేత్రము చేతనున్నవానికి ఫుట్‌బాలు మైదానముతో పనియేమి?

పోటీ వలదనినవాడును ఈ సీమలోనే పుట్టెను. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి యుద్ధకాలమును కాలిఫోర్నియాలోని ఓహాయి లోయయందు గడపి 1947లో మరలివచ్చెను. 1946లో ఓహాయియందు ఆరంభమైన హ్యాపీ వ్యాలీ పాఠశాలతో ఆయనకును నవలాకారుడు ఆల్డస్ హక్స్లీకిని సంబంధమున్నది. మదనపల్లెకు కొలది మైళ్ల దూరమునగల ఋషీవ్యాలీ పాఠశాల కృష్ణమూర్తి ఆలోచనలకు పూర్వమే పాదు. 1950ల దశకమున గోర్డన్ పియర్సు ప్రధానోపాధ్యాయత్వమున అది కుదురుకొన్నది. ఒకనిని మఱియొకనితో పోల్చుట, బహుమానముతో ఉసికొల్పుట విద్యకు చెఱుపని కృష్ణమూర్తి బోధ. లక్షమంది కేకలు వేయు రోజ్ బౌల్ ఉన్న రాష్ట్రముననే ఏండ్లు గడపినవాడు, ఆటను ఆటగనే యుంచు పాఠశాలకు స్ఫూర్తియగుట విశేషమే. ఇట్టి పాఠశాల అందఱికిని అందునది కాదనియు, రామకుప్పపు రైతు బిడ్డకు అది వేఱొక లోకమనియు చెప్పకుండుట సత్యమునకు ద్రోహము.

ఇన్ని త్రోవల వెంబడి వచ్చిన అమెరికా ఆటలలో వాలీబాలు ఈ సీమ ఆటయైనది. బాస్కెట్‌బాలు కళాశాల ప్రహరీగోడను దాటలేదు. ఫుట్‌బాలని వారు పిలుచుకొను ఆట రానేలేదు.